పొగాకు వాడకము: కలుగు కీడు, మాను ఉపాయములు

పేనుబంకను చంపుటకు పొగాకు కషాయము చల్లుట మన రైతులు ఎరిగినదే. అరకిలో పొగాకును 4.5 లీటర్ల నీటిలో ఒక దినము నానవేసి, వడకట్టి, 120 గ్రాముల సబ్బు కలిపి, ఆరేడు రెట్లు నీరు పోసినను పురుగు చచ్చును. చంపునది నికొటిన్. ఆ ఆకునే సున్నముతో నలిపి దవడలో ఉంచుకొన్నచో, సున్నము వలన నికొటిన్ మరింత త్వరగా రక్తములో చేరును. అలవాటును విడువనీయనిది ఇదియే. క్యాన్సరును కలిగించునవి ఆకులోను, పొగలోను ఉండు వేరు పదార్థములు. కనుక ఘాటు తక్కువ రకమని ధైర్యపడరాదు. బీడీ చిన్నదని తేలికగా చూచుటయు తగదు. అది త్వరగా ఆరిపోవును గనుక మాటిమాటికి గట్టిగా పీల్చవలసివచ్చును. ఊపిరితిత్తులకు చేరు తారు సిగరెట్టుకంటె తక్కువ కాదు.

ఆకువక్క, పొగాకు నమలువారు నెలకొకసారి అద్దములో నోరు చూచుకొనవలెను. తుడిచినను పోని తెల్లని లేక ఎర్రని మచ్చ, రెండు వారములైనను మానని పుండు, ఏ కొంచెము కారము తగిలినను మంట, ఇవి ప్రమాద సూచనలు. మూడు వ్రేళ్లు నిలువుగా నోట పట్టకున్నను, సంగటి ముద్ద మునుపటివలె పోకున్నను వెంటనే వైద్యునికి చూపవలెను. ఈ నోరు బిగియుటకు ముఖ్య కారణము వక్క. పొగాకు లేని వక్కయు క్యాన్సరు కారకమే. నొప్పి లేదుగదా అని ఊరకుండుటయే మనవారు చేయు పెద్ద తప్పు. తొలిదశలో నొప్పి ఉండకపోవచ్చును.

మదనపల్లె ప్రాంతపు టమాటా రైతులకు ఒక మాట. ఆరిన పొగాకులో సయితము మొజాయిక్ తెగులు వైరస్ బ్రతికియుండును. బీడీ త్రాగిన చేతులతో నారు పీకినచో మొక్కలకు అంటును. సబ్బుతో చేతులు కడుగుకొని మడిలో దిగవలెను. నారు విషయమున ఈ జాగ్రత్త పాటించు రైతు తన నోటి విషయమున పాటింపకుండుట వింత!

మానుట అసాధ్యమా? అయ్యప్ప మాల వేసికొని 41 దినములు బీడీ ముట్టనివారు ప్రతి పల్లెలోను కలరు. మానినపుడు కలుగు చిరాకు, నిద్రలేమి మొదటి వారములో ఎక్కువగా ఉండి, సాధారణముగా నాలుగు వారములకు తగ్గును. అనగా మాల తీయునాటికి కష్టమైన భాగము గడచినట్లే. మరల ముట్టించునది తోడివారి పిలుపు, టీ అంగడి. ఆ వేళలలో సోంపు గాని, వాము గాని నమలుచు, కొన్నాళ్లు ఆ చోటికి పోకుండుట మంచిది. కోరిక కొద్ది నిమిషములే నిలుచును.

కలుపుతీతకు వచ్చిన కూలీలకు బీడీలకు, ఆకువక్కకు చిల్లర ఇచ్చువారు, బదులుగా వేయించిన చెనక్కాయలు, బెల్లము ఇచ్చిన మేలు. బీడీలకై పిల్లలను అంగడికి పంపరాదు. 18 ఏండ్లలోపు వారికి పొగాకు అమ్ముట 2003 నాటి చట్టము ప్రకారము నేరము.

మానదలచినవారు 1800-11-2356 నంబరుకు ఫోను చేసి ఉచితముగా సలహా పొందవచ్చును. నోటిలో మచ్చలు, పుండ్లు ఉన్నవారు ఫోనుతో ఆగక, దగ్గరి దంతవైద్యునికి గాని, తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులలో గాని చూపించుకొనవలెను.