జోంగా ఇంజను: కొలతలు, ఇబ్బందులు

విద్యార్థులారా! సైన్యం వేలంలో అమ్మేసిన పాత జోంగా వాహనాన్ని మీలో కొందరు చూసే ఉంటారు. జపాన్‌కు చెందిన నిస్సాన్ కంపెనీ పాట్రోల్ వాహనం నమూనాలో, 1969 నుంచి 1999 వరకు జబల్‌పూర్ వాహన కర్మాగారంలో దీనిని తయారు చేశారు. ఇందులోని పెట్రోలు ఇంజనుకు ఒకే వరుసలో ఆరు సిలిండర్లు ఉంటాయి. దాని కొలతలేమిటో, అది ఎక్కడ దెబ్బతింటుందో తెలుసుకుందాం.

సిలిండర్ లోపలి వ్యాసం 85.7 మిల్లీమీటర్లు. పిస్టన్ కదిలే దూరం, అంటే స్ట్రోక్, 114.3 మిల్లీమీటర్లు. స్థూపం ఘనపరిమాణం కనుక్కునే సూత్రంతో లెక్కిస్తే ఒక్కో సిలిండరుకు సుమారు 659 ఘన సెంటీమీటర్లు వస్తుంది. ఆరింటికి కలిపి 3,956. వాహనాల ప్రకటనల్లో మీరు చూసే సి.సి. అంటే ఇదే.

నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి సిలిండరు రెండు చుట్లకు, అంటే 720 డిగ్రీలకు, ఒకసారి శక్తినిస్తుంది. ఆరు సిలిండర్లు వంతులవారీగా పనిచేస్తే ప్రతి 120 డిగ్రీలకూ ఒక తోపు అందుతుంది. అందుకే కుదుపు తక్కువ. అయితే స్ట్రోక్ పొడవు కాబట్టి, నిమిషానికి 3,000 చుట్ల వద్దే పిస్టన్ సగటు వేగం సెకనుకు 11 మీటర్లు దాటుతుంది. ఇది పరుగుపందేల ఇంజను కాదు. బరువు లాగే ఇంజను.

ఇక ఇబ్బందులు చూద్దాం. మొదటిది పెట్రోలు ఖర్చు. రెండోది వేడి. రేడియేటరులో నీరు తగ్గితే పొడవైన సిలిండర్ హెడ్ వంగి, గ్యాస్కెట్ కారుతుంది. పొగగొట్టం నుంచి ఆగకుండా తెల్లని పొగ రావడం, ఇంజను ఆయిల్ పాలు కలిపినట్లు మారడం దీని గుర్తులు. ఇంజను వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత మాత్రం తీయకండి. మరిగే నీరు ముఖం మీదికి చిమ్ముతుంది.

మూడో ప్రమాదం వరద నీరు. ఇది ఏ ఇంజనుకైనా వస్తుంది. 2006 ఆగస్టులో తాపీ నది పొంగి సూరత్ నగరంలో చాలా భాగం మునిగింది. తెలుగు నేత కుటుంబాలు ఎన్నో ఉన్న ఊరది. అలా మునిగిన వాహనాన్ని నీరు తీయగానే స్టార్ట్ చేస్తే ఏమవుతుంది? సంపీడన నిష్పత్తి 7 అనుకుందాం. పిస్టన్ పైకి చేరినప్పుడు మిగిలే చోటు 659ని 6తో భాగిస్తే వస్తుంది: సుమారు 110 ఘన సెంటీమీటర్లు. అంటే ఒక టీ గ్లాసు! గాలి నొక్కితే నొక్కుకుంటుంది, నీరు నొక్కుకోదు. సిలిండరులో అంతకు మించి నీరుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

కాబట్టి మునిగిన బండి తాళం తిప్పవద్దు, తోసి స్టార్ట్ చేయవద్దు. మెకానిక్ చేత స్పార్క్ ప్లగ్గులు విప్పించి, నీరు బయటికి తీయించి, ఆయిల్ మార్పించాలి.

అభ్యాసం: సంపీడన నిష్పత్తి 8 అయితే మిగిలే చోటు ఎంత? ప్రమాదం పెరుగుతుందా, తగ్గుతుందా? లెక్కించి చూడండి.