ప్రీయాంప్లిఫయరు లేని హైఫై

కోనసీమలో పుట్టి పెరిగినవారికి నీటిపారుదల సంగతి వేఱుగ బోధింప నక్కఱలేదు. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిమ్మట గోదావరి నీరు కాలువల వెంట మన చేలకు వచ్చుచున్నది. కాలువ మట్టముకంటె చేను పల్లముగ నున్నచో తూము తలుపు ఎత్తినంతనే నీరు తనంత తానే పాఱును. చేను మెరకయైనచో, పూర్వము ఏతము వేసి నీరు తోడెడివారు. పల్లపుచేనికి ఏతము వేయువానిని చూచి లోకులు నవ్వుదురు. మెరకచేనికి తూము చాలునని కూర్చుండువాని పైరు ఎండును. ఇంట సంగీతము వినుటకై అమర్చుకొను హైఫై పరికరముల యందును ఈ న్యాయమే వర్తించును. అందు ప్రీయాంప్లిఫయరు ఏతము వంటిది.

ఒక గృహస్థుని యింట పాత పవర్ యాంప్లిఫయరును, మంచి స్పీకర్లును ఉన్నవనుకొందము. ప్రీయాంప్లిఫయరు మాత్రము చెడిపోయినది. క్రొత్తదానికై అతడు వేలకొలది రూపాయలు వెచ్చింపవలెనా? లేక పాట పాడు యంత్రమును నేరుగ పవర్ యాంప్లిఫయరునకు తగిలింపవచ్చునా? భయపడి కొన్నచో ధనము వ్యర్థము కావచ్చును. తొందరపడి తగిలించినచో స్పీకర్లు కాలిపోవచ్చును. కావున ముందుగా ప్రీయాంప్లిఫయరు చేయు పనులేవో తెలిసికొనవలెను.

ఆ పనులు అయిదు. బలహీనమైన విద్యుత్సంకేతమును పెంచుట మొదటిది. గ్రామఫోను పికప్పునుండి వచ్చు ధ్వనిలోని హెచ్చుతగ్గులను సరిచేయుట రెండవది. పెక్కు యంత్రములలో మనకు వలసినదానిని ఎన్నుకొనుట మూడవది. ధ్వనిని మన యిచ్చ వచ్చినట్లు తగ్గించుట, హెచ్చించుట నాలుగవది. సంకేతము పొడుగుపాటి తీగలలో క్షీణింపకుండ దానికి త్రాణ నిచ్చుట అయిదవది.

1947లో బ్రిటను దేశపు ఇంజనీరు డి. టి. ఎన్. విలియమ్సన్ 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో ఒక పవర్ యాంప్లిఫయరు నిర్మాణక్రమమును ప్రకటించెను. అది 15 వాట్ల శక్తి నొసగుటకు సుమారు రెండు వోల్టుల సంకేతము కావలసియుండెను. ఆనాటి మంచి పికప్పులు అంత వోల్టేజి నీయజాలవు. కావుననే 1949లో ఆయన దానికి తగిన ప్రీయాంప్లిఫయరును గూడ ప్రకటింపవలసివచ్చెను. 1982లో అంగళ్లకు వచ్చిన కాంపాక్ట్ డిస్కు ప్లేయరైననో తన గరిష్ఠస్థితిలో రెండు వోల్టుల సంకేతమును తానే యిచ్చును. నేడు కంప్యూటరుతోడను, ఫోనుతోడను జతపరచి ఇండ్లలో వాడు డిజిటల్ కన్వర్టరులు పెక్కింటి లెక్కయు ఇంచుమించు అంతియే. అనగా కాలువ మట్టము పెరిగినది, చేను పల్లమైనది.

లెక్క వేసి చూతము. ఒక వోల్టు సంకేతముతో 8 ఓముల స్పీకరునకు 100 వాట్లిచ్చు యాంప్లిఫయరును తీసికొందము. 100 వాట్లకు స్పీకరు వద్ద 28 వోల్టులు కావలెను. కనుక ఆ యాంప్లిఫయరు సంకేతమును 28 రెట్లు చేయుచున్నదన్నమాట. ఇంటిగదిలో మామూలుగ వినుటకు ఒక వాట్టు చాలును. దానికి స్పీకరు వద్ద 2.8 వోల్టులు, యాంప్లిఫయరు ప్రవేశము వద్ద పదియవవంతు వోల్టు కావలెను. డిస్కు ప్లేయరు ఇయ్యగలిగినది రెండు వోల్టులు. మనకు వలసినదానికి అది యిరువది రెట్లు! ఇట్టిచోట పెంచు యంత్రముతో పనిలేదు. తగ్గించు సాధనమే కావలెను.

గ్రామఫోను సంగతి వేఱు. అయస్కాంతపు పికప్పు ఇచ్చునది సుమారు 5 మిల్లీవోల్టులు మాత్రమే. అదిగాక, రికార్డులు కోయునపుడు మంద్రధ్వనులను తగ్గించి, తీవ్రధ్వనులను పెంచుదురు. 1954లో అమెరికాలో ఏర్పడిన ప్రమాణము ననుసరించి, వినునపుడు వానిని తిరిగి సరిచేయవలెను. ఆ దిద్దుబాటు అడుగుకొసను, పైకొసను సుమారు పదేసి రెట్లుండును. కావున రికార్డులు వినగోరువారికి ఫోనో ప్రీయాంప్లిఫయరు తప్పదు. సభలలో వాడు మైకు సంకేతముగూడ సాధారణముగ కొలది మిల్లీవోల్టులే. దానికిని ఏతము కావలసినదే.

ఇక తగ్గించు సాధనము. సభలకు వాడు పవర్ యాంప్లిఫయర్లు కొన్నింటికి ముఖముననే వాల్యూము కంట్రోలులుండును. అట్టిదైనచో మఱేమియు కొననక్కఱలేదు. లేనిచో చిన్న పెట్టెలో రెండు ఛానళ్లకును కలిపి ఒక కంట్రోలు అమర్చుకొనవచ్చును. దీనికి కరెంటుతో పనిలేదు. ఇది తూము వంటిది: నీటిని తగ్గింపగలదుగాని పెంపజాలదు. యంత్రములు రెండు మూడున్నచో, వానిలో నొకదానిని ఎన్నుకొను స్విచ్చిని గూడ ఆ పెట్టెలోనే అమర్చవచ్చును.

ఆ కంట్రోలు నిరోధము ఎంత యుండవలెనో ఎఱిగి కొనవలెను. సంకేతమును సగమునకు తగ్గించినపుడు కంట్రోలు తన నిరోధములో నాలుగవవంతును తీగకు ముందు నిలుపును. మామూలు తీగకు మీటరునకు సుమారు 100 పికోఫారడుల విద్యుద్ధారణశక్తి యుండును. లక్ష ఓముల కంట్రోలునకు పది మీటర్ల తీగ తగిలించినచో, 25 వేల ఓములును, వేయి పికోఫారడులును కలిసి 6,400 హెర్ట్సుల చెంతనుండియే తీవ్రధ్వనులను అణచివేయును. తాళముల మ్రోతయు, వయొలిను మెఱుగును మాసిపోవును. 10 వేల ఓముల కంట్రోలైనచో ఆ హద్దు 64 వేల హెర్ట్సులకు పోవును; మానవుని చెవి వినగలిగినది 20 వేలు మాత్రమే. కనుక 10 వేల ఓముల కంట్రోలును, ఒకటి రెండు మీటర్లకు మించని తీగయు శ్రేష్ఠము. యాంప్లిఫయరు ప్రవేశనిరోధము 20 వేల ఓములకు తగ్గరాదు. తీగ మిక్కిలి పొడుగుగ వేయక తప్పనిచో అయిదవ పనికై ప్రీయాంప్లిఫయరే మేలు.

డిజిటల్ యంత్రములలో ధ్వనిని అంకెలలోనే తగ్గింపవచ్చును. సగమునకు తగ్గించిన ప్రతిసారియు ఒక బిట్టు ఖర్చగును. 16 బిట్ల పాటను 24 బిట్ల కన్వర్టరులో తగ్గించినచో ఎనిమిది బిట్లు మిగులుగ నుండును గనుక మితముగ తగ్గించుటవలన హాని తోపదు. అసలు ప్రమాదము వేఱొకచోట నున్నది. కరెంటు పోయి వచ్చినపుడు గాని, ప్రోగ్రాము మాఱినపుడు గాని ఆ యంత్రము తన పాత వాల్యూమును మఱచి రెండు వోల్టులను ఒక్కసారిగ విడిచినచో, నడుమ ఆపువారెవరును లేరు. స్పీకరులోని సన్నని తీగచుట్ట క్షణములో మాడిపోవచ్చును. దగ్గఱనున్న పసివారి చెవులకును అపాయమే. కావున యంత్రములో నెట్టి కంట్రోలున్నను, యాంప్లిఫయరునకు ముందు చేతితో త్రిప్పు కంట్రోలు ఒకటి యుండుట క్షేమము.

ఈ క్రింది నియమములు పాటింపవలెను. మొదట పాట యంత్రమునకు కరెంటు ఇచ్చి, యాంప్లిఫయరునకు కడపట ఇయ్యవలెను. ఆపునపుడు యాంప్లిఫయరునే ముందాపవలెను. కరెంటు పోయినంతనే యాంప్లిఫయరు స్విచ్చి కట్టివేయవలెను. తీగలు తగిలించునపుడును, ఊడదీయునపుడును యాంప్లిఫయరు ఆగియుండవలెను. మన సముద్రతీరపు ఉప్పుగాలికిని, చెమ్మకును కంట్రోలులోని స్పర్శస్థానములు చిలుము పట్టి గరగరలాడును. మూతయున్న మంచి కంట్రోలును కొని, దానిని అప్పుడప్పుడు అటునిటు త్రిప్పుచుండవలెను.

కాబట్టి డిస్కు ప్లేయరో, డిజిటల్ కన్వర్టరో మాత్రమే యున్న ఇంటిలో ప్రీయాంప్లిఫయరు లేకున్నను సంగీతమునకు కొదువలేదు. ఆ ధనముతో మంచి స్పీకర్లు కొనవచ్చును. బిడ్డల పుస్తకములకును వినియోగింపవచ్చును. అయితే పనివానిని తొలగించినంతమాత్రమున పని తొలగిపోదు. అతడు చేయు అయిదు పనులలో మన యింట మిగిలినవేవో లెక్కించుకొని, వానికి వేఱు దారి చూపిన పిమ్మటనే తీగ తగిలింపవలెను. చదువరులు, విశేషించి భౌతికశాస్త్రము నభ్యసించు మా విద్యార్థులు, కొనుటకు ముందు వోల్టులను, ఓములను కాగితముపై వేసి చూతురుగాక. అంగడివాని మాటకంటె ఆ లెక్కయే నమ్మదగినది.