పొరుగువాడి పేరేమిటి?

బతుకుతెరువు కోసం పట్నం వెళ్లినవారి గురించి అందరూ రాస్తారు. పట్నమే లేచి ఊరికి వస్తే ఎలా ఉంటుందో పాశమైలారం వాసులమైన మాకు తెలుసు. హైదరాబాద్ నుంచి ముంబయి వెళ్లే రహదారి మీద పటాన్‌చెరు దాటి, ఇస్నాపూర్ చౌరస్తా దగ్గర లోపలికి తిరిగితే మా ఊరు. ఒకప్పుడు చేలుండే చోట ఇప్పుడు ప్రహరీ గోడలు, పొగగొట్టాలు, వాటి వెనుక అద్దె గదుల వరుసలు కనిపిస్తాయి.

నగరం ఇటువైపు ఒక్కరోజులో రాలేదు. 1960వ దశకంలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం వచ్చింది. 1972లో పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ పరిశోధన సంస్థ వెలిసింది. ఆ తర్వాత పారిశ్రామికవాడలు ఒకదాని వెంట ఒకటి లేచి మందులు, రసాయనాలు, ఇనుప సామాను తయారీ మొదలైంది. 2007లో పటాన్‌చెరు హైదరాబాద్ మహానగర పాలక సంస్థలో కలిసింది. ముత్తంగి దగ్గర అవుటర్ రింగు రోడ్డు పడింది. 2016 అక్టోబరు 11న మెదక్ జిల్లా నుంచి విడదీసి సంగారెడ్డి జిల్లా చేశారు. జిల్లా పేరు మారింది, భూమి ధర మారింది, వీధిలో వినిపించే భాష కూడా మారింది.

వచ్చినదాన్నంతా తప్పుపట్టడం న్యాయం కాదు. వాన మీద ఆధారపడ్డ ఇళ్లకు నెల జీతం అలవాటైంది. రెండు గదులున్నవాడు మరో నాలుగు రేకుల గదులు వేసి అద్దెకిచ్చి పిల్లలను చదివించుకున్నాడు. దానికి చెల్లించిన మూల్యం కూడా తక్కువేమీ కాదు. ఈ ప్రాంతపు వ్యర్థజలాలు నక్కవాగులో పడి, అక్కడి నుంచి మంజీరలోకి చేరాయి. 1990లో ఆ గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం ఏర్పడింది. పటాన్‌చెరు వైద్యుడు అల్లాణి కిషన్‌రావు వంటివారు ఏళ్ల తరబడి పోరాడారు. నీరు పాడైతే రంగు చెబుతుంది, వాసన చెబుతుంది. ఇరుగుపొరుగు సంబంధం పాడైతే ఏదీ చెప్పదు.

అందరూ బీహారీలేనా?

మా గదుల్లో ఉండేవారు బీహార్, ఒడిశా, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, బెంగాల్ నుంచి వచ్చినవారు. కానీ వాడుకలో అందరూ 'బీహారీలే'. ఒడిశా మనిషికి ఆ మాట అతకదని మనకు తట్టదు. ఒక షిఫ్టు వాళ్లు పనికి వెళ్తుంటే మరో షిఫ్టు వాళ్లు వచ్చి అదే చాప మీద వాలుతారు. గది యజమానికి కావలసింది ఒకటో తారీఖున అద్దె, ఠేకేదారుకు కావలసింది పొద్దున గేటు దగ్గర తలల లెక్క. వారి పేర్లు వరుసగా రాసి ఉండేది ఒక్క కిరాణా దుకాణం ఖాతా పుస్తకంలోనే. అప్పుకు పేరు కావాలి, అద్దెకు అక్కర్లేదు.

జుమా నమాజులో భుజం భుజం కలిపి నిలబడే వారిలో దూరదేశపు కుర్రాళ్లు ఎందరో ఉంటారు. సలాం చెప్పుకుని మెట్లు దిగాక ఎవరి దారి వారిది. చెరువు గట్టున ఛఠ్ పూజ చేసుకునే కుటుంబాలను చూసి పోయేవారే గానీ పలకరించేవారు తక్కువ. ఇది ఒక మతంవారి లోపం కాదు, నగరం నేర్పిన అలవాటు. పల్లెలో కొత్త ముఖం కనబడితే 'ఏ ఊరు బిడ్డా, ఎవరింటికి వచ్చినవు?' అని పెద్దలు అడిగేవారు. ఆ ప్రశ్నలో కొంత ఆరా ఉండేది, కొంత ఆదరణ ఉండేది. ఇప్పుడు ఆరా పోయింది, దానితోపాటు ఆదరణా పోయింది.

రెండు సందర్భాలు

2020 లాక్‌డౌన్‌లో ఈ సంగతి మొదటిసారి బయటపడింది. ఇదే రహదారి మీద సంగారెడ్డి దగ్గర కందిలో ఐ.ఐ.టి. భవనాలు కడుతున్న కార్మికులు ఏప్రిల్ 29న తమను ఇళ్లకు పంపాలని రోడ్డెక్కారు. మే 1 తెల్లవారుజామున లింగంపల్లి స్టేషన్ నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో రైలు కదిలింది. దేశంలో వలస కార్మికుల కోసం నడిచిన మొదటి ప్రత్యేక రైలు అదే. ఇంతమంది మన మధ్యనే ఉన్నారా అని అప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు.

రెండోది ఇంకా కఠినమైనది. 2025 జూన్ 30, సోమవారం ఉదయం పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగింది. మందుబిళ్లల్లో కలిపే సెల్యులోజు పొడి తయారయ్యే చోటు అది. 46 మంది మరణించినట్లు తేలింది. మరో 8 మంది ఆనవాళ్లే దొరకలేదు. మొత్తం 54 మంది. మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున పరిహారం ప్రకటించారు.

ఆ రోజుల్లో పటాన్‌చెరు ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర ఫొటోలు చేతబట్టుకుని వందల మైళ్ల నుంచి వచ్చిన తల్లులు, అన్నదమ్ములు నిలబడ్డారు. కాలిన శరీరాలను ముఖం చూసి గుర్తుపట్టే వీలు లేక, రక్తసంబంధీకుల డి.ఎన్.ఏ. నమూనాలతో పోల్చి అప్పగించారు. సంఖ్య రోజురోజుకూ మారింది. ఎవరు పనిలో ఉన్నారు, ఎవరు ఆ పొద్దు రాలేదు, ఎవరి ఇంటివాళ్లకు కబురు వెళ్లలేదు అన్నవి చిన్న ప్రశ్నలే. పక్కగది మనిషికి ఆ పేరు తెలిసి ఉంటే కొన్నింటికైనా వెంటనే జవాబు దొరికేది.

ప్రమాదాలు జరగకుండా చూడడం యాజమాన్యాల బాధ్యత, తనిఖీ చేయడం ప్రభుత్వ బాధ్యత. వాటిని ఎవరూ తగ్గించి చెప్పకూడదు. అయితే పొరుగువాడి బాధ్యతను మాత్రం ఏ చట్టమూ ఏ అధికారికీ అప్పగించలేదు. అది మనదే.

మన చేతిలో ఉన్న పని

గది అద్దెకిచ్చేటప్పుడు ఒక నోటు పుస్తకంలో మనిషి పేరు, సొంత ఊరు, ఇంటివారి ఫోను నంబరు, పనిచేసే చోటు రాసి పెట్టుకుంటే పోయేదేమీ లేదు. గది మారిన రోజున ఆ వరస కొట్టేసి కొత్తది రాయాలి. అనుమానంతో పోలీసుకు చూపించడానికి కాదు, ఆపద వేళ ఇంటికి కబురు చేయడానికి అని వారికి నచ్చజెప్పాలి.

చదువుకున్న యువకులు వారానికి ఒక గంట కేటాయించినా ఎంతో మేలు. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్న కార్మికునికి పనిచేసే సంస్థ ఇ.ఎస్.ఐ. కింద ఉంటే రామచంద్రాపురం ఇ.ఎస్.ఐ. ఆసుపత్రిలో వైద్యం అందుతుంది. జీతం చీటీలో ఆ కోత ఉందో లేదో చూసి చెప్పేవారు కావాలి. సొంత రాష్ట్రపు కార్డు మీదనే ఇక్కడ రేషను తీసుకునే వీలుందని తెలియక, బియ్యం బజారులో కొనుక్కునేవారు ఉన్నారు. అసంఘటిత కార్మికుల కోసం 2021లో వచ్చిన ఈ-శ్రమ్ నమోదు చాలామందికి ఇంకా వినికిడి మాటే. ఇవన్నీ డబ్బు అడగని సాయాలు, నోరు విప్పితే చాలు.

పొరుగువాని హక్కు అన్న మాట మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. వండిన కూరలో ఇంత పంపడమే ఆ హక్కు అనుకుంటే సగమే అర్థమైనట్లు. ఆ గిన్నె ఎవరికి ఇస్తున్నామో తెలియాలి కదా! తన ఊరి పేరు, తన పేరు సరిగ్గా పలికే మనిషి ఒక్కడున్నా పరాయి నేల సగం సొంతమవుతుంది. నగరం పెరగడం మన చేతిలో లేదు. గోడకు అవతల దగ్గు వినిపించినప్పుడు తలుపు తట్టి పేరుతో పిలవడం మాత్రం మన చేతిలోనే ఉంది.