తనంతట తానే చల్లబరచుకునే కారు

మానవుడు ఎండకు గొడుగు, చలికి కంబళి ఏనాడో కనిపెట్టాడు. కూర్చున్న చోటనే తనకు నచ్చిన వాతావరణాన్ని కల్పించుకోవాలన్న కోరిక మాత్రం యంత్రయుగంలోనే తీరింది. నేడు మన రోడ్ల మీద తిరిగే కార్లలో చాలావాటికి 'ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్' అనే ఏర్పాటు ఉంటోంది. 'ఆటో' అన్న మీట నొక్కి, 24 అని అంకె పెడితే చాలు, మిగతాదంతా కారే చూసుకుంటుందంటారు. ఎలా చూసుకుంటుంది? ఎంతవరకు చూసుకుంటుంది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పడమే ఈ చిన్న వ్యాసం ఉద్దేశం. మా మేనమామ కిరాయి కారు నడుపుతాడు. సెలవుల్లో ఆయన పక్కన కూర్చుని తిరగడం నాకు అలవాటు. కనుక క్లాసులో చదివిందీ, కారులో చూసిందీ కలిపి రాస్తున్నాను.

ముందు కొంచెం చరిత్ర. ఏ.సి. బిగించిన కారును మొదట అమ్మకానికి పెట్టింది అమెరికాలోని పాకార్డ్ కంపెనీ, తన 1940 మోడల్ కార్లలో. ఆ యంత్రాన్ని పూర్తిగా ఆపాలంటే కారు ఆపి, దిగి, బానెట్ ఎత్తి బెల్టు ఊడదీయవలసి వచ్చేది! అంకె పెడితే తనంతట తానే సర్దుకునే పద్ధతి 1964 మోడల్ కాడిలాక్ కార్లతో వచ్చింది.

ఇక అసలు విషయానికి వద్దాం. చల్లదనాన్ని ఎవరూ తయారు చేయరు. లోపలి వేడిని తోడి బయట పారబోస్తారు, అంతే. ఒంటి మీది చెమట ఆరితే చల్లగా ఉంటుంది కదా! ద్రవం ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది. డాష్‌బోర్డు వెనక ఉండే ఎవాపరేటర్ గొట్టాల్లో జరిగేది ఇదే. ఆ ఆవిరిని కంప్రెసర్ గట్టిగా నొక్కి, ముందు భాగంలో ఉన్న కండెన్సర్‌కు పంపుతుంది. అక్కడ అది వేడిని బయటి గాలికి వదిలి మళ్ళీ ద్రవమవుతుంది. చల్లని ఎవాపరేటర్‌కు తగిలిన గాలిలోని తేమ నీటిబొట్లుగా మారి కారు కింద కారుతుంది. ఆ నీళ్ళు చూసి బండి పాడైందని కంగారు పడనక్కరలేదు.

ఏ.సి. ఉన్న ప్రతి కారులోనూ ఇంతవరకు ఒకటే. మరి 'ఆటో' గొప్పతనమేమిటి? రైతుబిడ్డలకు ఇది ఇట్టే అర్థమవుతుంది. మా నాన్న వరిమడికి నీరు పెట్టేటప్పుడు గట్టు మీద నిలబడి నీరెంత ఎక్కిందో చూస్తాడు. తక్కువైతే మడవ తెరుస్తాడు, సరిపోతే మట్టి వేసి కట్టేస్తాడు. కాసేపాగి మళ్ళీ చూస్తాడు. చూడటం, పోల్చటం, సరిచేయటం, మళ్ళీ చూడటం! దీన్నే మా పాఠాల్లో 'ఫీడ్‌బాక్' అంటారు.

కారులో ఈ చూసే పని సెన్సార్లది. లోపలి వేడిని చూసేది ఒకటి, బయటి వేడిని చూసేది ఒకటి. చాలా కార్లలో ఎండ తీవ్రతను చూసేది మరొకటి, అద్దం దగ్గర డాష్‌బోర్డు మీద నల్లటి బొత్తాంలా ఉంటుంది. వేడిని కొలిచేవి థర్మిస్టర్లు. వేడి పెరిగితే వాటి విద్యుత్ నిరోధం తగ్గుతుంది. ఆ మార్పును చదివి చిన్న కంప్యూటర్ నిర్ణయం తీసుకుంటుంది. ఫ్యాను వేగం ఎంత, గాలి ముఖానికా కాళ్ళకా, బయటి గాలా లోపలి గాలా, చల్లగాలిలో వేడిగాలి ఎంత కలపాలి అన్నవన్నీ చిన్న చిన్న మోటార్లతో తలుపులు కదిపి అమలు చేస్తుంది. ఆ తలుపులే కారులోని మడవలు.

ఈ సంగతి తెలిస్తే కొన్ని ఉపయోగాలున్నాయి.

మొదటిది: మండుటెండలో నిలిపిన కారు ఎక్కగానే "18 పెట్టవయ్యా, తొందరగా చల్లబడుతుంది" అంటారు ప్రయాణీకులు. లోపల 50 డిగ్రీలుంటే, 24 పెట్టినా యంత్రం తన శక్తినంతా వాడుతూనే ఉంటుంది. తూము పూర్తిగా ఎత్తాక ఇంకా ఎత్తమంటే నీరు ఎక్కువ వస్తుందా? 18 పెట్టినందువల్ల కలిగే ఫలితం తర్వాత వణకడమే. దానికన్నా ముందు రెండు నిమిషాలు అద్దాలు దించి, వేడిగాలిని పోనివ్వడం మేలు.

రెండవది: డాష్‌బోర్డు మీద తువ్వాలు పరచి, దేవుడి బొమ్మ సరిగ్గా ఎండ సెన్సార్ మీదనే పెడితే, నడినెత్తిన సూర్యుడున్నా కారుకు అది సాయంకాలమే. అలాగే స్టీరింగ్ దగ్గర కొన్ని కార్లలో చిన్న జల్లెడ ఉంటుంది. లోపలి వేడిని చూసే కన్ను దాని వెనకే. దాన్ని దుమ్ము కప్పితే లెక్క తప్పుతుంది.

మూడవది: వానలో ముందు అద్దం లోపలివైపు మసకబారితే చాలామంది గుడ్డతో తుడుస్తూ బండి నడుపుతారు. ఘాట్ రోడ్డు మీద ఇది ప్రాణాంతకం. మన ఊపిరిలోని తేమ చల్లని అద్దానికి తగిలి మంచవుతోంది. అద్దానికి గాలి కొట్టే డీఫ్రాస్ట్ మీట నొక్కి, ఏ.సి. వేసి, బయటి గాలిని రానివ్వాలి. ఏ.సి. తేమను పిండిన గాలి అద్దాన్ని చప్పున ఆరబెడుతుంది. మసక బయటివైపు ఉంటే వైపరు వేసి, అద్దానికి తగిలే చల్లదనం తగ్గించాలి.

నాలుగవది: లోపలి గాలినే గంటల తరబడి తిప్పుతుంటే అందరి ఊపిరితో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మగత కమ్ముతుంది. రాత్రి ప్రయాణంలో అప్పుడప్పుడు బయటి గాలి మీట నొక్కడం మరవకూడదు.

చల్లదనం కేవలం విలాసం అనేవారికి ఒక్క మాట. మే నెలలో రెంటచింతల, రామగుండం ప్రాంతాల్లో 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. మా ధాన్యం మిల్లుకు మోసే లారీ డ్రైవరు ఆ ఎండతోపాటు ఇంజను సెగ కూడా భరించాలి. అలసిన కన్ను మూతపడితే నష్టపోయేది అతనొక్కడే కాదు. అందుకే కొత్తగా తయారయ్యే 3.5 టన్నులు దాటిన సరుకు వాహనాల క్యాబిన్లకు ఏ.సి. ఉండాలని కేంద్రప్రభుత్వం నియమం చేసింది. హర్షించదగ్గ విషయమే. కాని పాత లారీల డ్రైవర్లకు ఈ చలువ అందేదెప్పుడు?

చివరగా, యంత్రం చేయలేని పని. ఇంజను ఆపి తాళం వేస్తే మామూలుగా ఈ 'ఆటో' కూడా నిద్రపోతుంది. ఎండలో మూసిన కారులో వేడి అరగంటలోనే బయటికన్నా 15 డిగ్రీలకు పైగా పెరగగలదు. "ఇప్పుడే వస్తా" అని పసిపిల్లను లోపల ఉంచి దుకాణానికి వెళ్ళడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. పోనీ ఇంజను నడుపుతూ, మూసిన షెడ్డులో ఏ.సి. వేసుకుని పడుకుందామంటే, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ మనిషిని లేవనివ్వదు.

సెన్సార్ వేడిని కొలుస్తుంది, ఆప్యాయతను కొలవదు. వెనక సీటులో ముసలమ్మకు చలేస్తోందా అని వెనక్కి తిరిగి అడగవలసింది మనమే. మడవ ఎంత మంచిదైనా గట్టు మీద మనిషి ఉండాలి కదా!

— బి.ఎస్సీ. (ఫిజిక్స్), మూడవ సంవత్సరం