పత్తి ఎవరు తీశారు? విదేశీ చట్టాలు అడుగుతున్నాయి

జిన్నింగ్ మిల్లులో పత్తి తూకమై, డబ్బు చేతికొస్తే రైతు పని అయిపోయినట్టే అనుకుంటాం. ఆ తర్వాత అది బేలుగా, నూలుగా, గుడ్డగా, చొక్కాగా మారి ఏ దేశం వెళ్లిందో మనకు పట్టదు. కొనేవాడు కూడా ఇన్నాళ్లూ తేమ శాతం, పింజ పొడవు, రంగు చూసుకుని సరిపెట్టుకునేవాడు. ఇప్పుడు అమెరికా, ఐరోపా దేశాల్లోని పెద్ద కంపెనీలకు ఇంకో ప్రశ్న తప్పడం లేదు. ఈ సరుకు వెనుక ఎక్కడైనా వెట్టి చాకిరీ ఉందా అన్నదే ఆ ప్రశ్న. అది బట్టల కంపెనీ నుంచి నూలు మిల్లుకు, అక్కడి నుంచి జిన్నింగుకు, చివరికి చేను గట్టుకు దిగి వస్తుంది. పత్తి, సీడు పత్తి, మిరప, రొయ్య లాంటి ఎగుమతి సరుకు పండించే రైతులు ఈ చట్టాల సంగతి ముందుగా తెలుసుకుని ఉండటం మంచిది.

వెట్టి అంటే ఏమిటి?

వెట్టి అనగానే పాతకాలపు దొరల గడీలు గుర్తొస్తాయి. చట్టం దృష్టిలో దాని అర్థం ఇంకా విశాలం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930లో చేసిన ఒడంబడిక ప్రకారం, ఏదో ఒక శిక్ష భయం చూపి, మనిషి ఇష్టంతో నిమిత్తం లేకుండా చేయించుకునే పని ఏదైనా వెట్టే. మన దేశం దీన్ని 1954లో ఆమోదించింది. 2021 నాటికి ప్రపంచంలో 2.76 కోట్ల మంది ఇలాంటి పనిలో ఉన్నారని ఆ సంస్థ అంచనా.

వెట్టిని గుర్తుపట్టడానికి ఆ సంస్థ 11 లక్షణాలు చెప్పింది. అప్పు పేరుతో పనికి కట్టేయడం, కూలి డబ్బు ఆపి ఉంచడం, ఆధార్ లాంటి గుర్తింపు కాగితాలు దాచేయడం, బయటికి వెళ్లనీయకపోవడం, బెదిరించడం, కొట్టడం, మోసపు మాటలతో పిలిపించుకోవడం, శక్తికి మించి గంటల తరబడి పని చేయించడం అందులో ముఖ్యమైనవి. గొలుసులు వేసి కట్టేయనక్కర్లేదు. 'అడ్వాన్సు తీరేదాకా కదలడానికి వీల్లేదు' అన్న మాట చాలు.

మన సుప్రీం కోర్టు 1982లో ఇంకో మెట్టు పైకి వెళ్లింది. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ పనుల్లోని కూలీల కేసులో, కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం కూడా రాజ్యాంగంలోని 23వ అధికరణ నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని తీర్పు చెప్పింది. ఆకలి కూడా మనిషిని బలవంతపెడుతుందని కోర్టు గుర్తించింది.

అమెరికా: సరుకు రేవులోనే ఆగుతుంది

వెట్టి సరుకు దిగుమతి కాకూడదని అమెరికాలో 1930 నుంచే చట్టం ఉంది. అయితే అందులో ఒక సందు ఉండేది. తమ దేశంలో సరిపడా తయారుకాని సరుకైతే వెట్టిదైనా రానిచ్చేవారు. ఆ సందును 2016లో మూసేశారు. అప్పటి నుంచి అనుమానం వస్తే కస్టమ్స్ అధికారులు సరుకును రేవులోనే ఆపేస్తున్నారు.

2021 డిసెంబరులో చేసిన చట్టం ఇంకా గట్టిది. చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతంలో వీగర్ ముస్లింలతో ప్రభుత్వం బలవంతంగా పని చేయిస్తోందన్న కారణంతో తెచ్చిన చట్టమిది. 2022 జూన్ 21 నుంచి అమలులో ఉంది. చైనా పత్తిలో అత్యధిక భాగం అక్కడే పండుతుంది. ఆ ప్రాంతపు సరుకు కొంచెం కలిసినా వెట్టి సరుకుగానే లెక్క. కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత దిగుమతిదారుదే. ఇందుకోసం నూలు బిల్లులు, బేళ్ల లెక్కలు, రవాణా కాగితాలు అన్నీ చూపాలి. గుడ్డలోని పత్తి ఏ నేలలో పండిందో చెప్పే ప్రయోగశాల పరీక్షలు కూడా కస్టమ్స్ వారు చేయిస్తున్నారు.

మన పత్తికి ఈ చట్టం నేరుగా వర్తించదు. కానీ 'మా నూలులో ఏ పత్తి ఉంది' అని మన మిల్లులనూ అడగడం మొదలైంది. ఏ బేలు ఎక్కడిదో చెప్పగలిగిన మిల్లుకు బేరం దొరుకుతుంది. చెప్పలేని మిల్లు పక్కకు పోతుంది.

ఐరోపా: వెతకాల్సింది కంపెనీయే

ఐరోపా దేశాలు వేరే దారి పట్టాయి. బంగ్లాదేశ్‌లో 2013 ఏప్రిల్ 24న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా బట్టల కార్మికులు చనిపోయాక, ఆ బట్టలు అమ్ముకునే కంపెనీల బాధ్యత ఏమిటన్న చర్చ పెరిగింది. బ్రిటన్ 2015లో చట్టం చేసి, ఏడాదికి 3.6 కోట్ల పౌండ్ల వ్యాపారం దాటిన కంపెనీలు వెట్టి నివారణకు ఏం చేస్తున్నాయో ప్రకటించాలంది. ప్రకటన ఇస్తే చాలన్న ఆ చట్టానికి పదును తక్కువ. ఫ్రాన్స్ 2017లో పెద్ద కంపెనీలు ప్రణాళిక వేసి అమలు చేయాలని, చేయకపోతే కోర్టుకు లాగవచ్చని చట్టం చేసింది.

జర్మనీ చట్టం 2023 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. మొదట 3,000 మంది, 2024 నుంచి 1,000 మంది ఉద్యోగులున్న కంపెనీలకు వర్తిస్తోంది. కంపెనీ ఏటా తన సరఫరాదారులను పరిశీలించాలి. తప్పు కనబడితే సరిదిద్దాలి. ఫిర్యాదులు తీసుకునే ఏర్పాటు ఉండాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. నేరుగా అమ్మే వాడిని కంపెనీ తప్పనిసరిగా చూడాలి. జిన్నింగు మిల్లు, రైతు లాంటి వెనకవాళ్ల దాకా రావలసింది మాత్రం అక్కడ తప్పు జరుగుతోందని ఆధారంతో తెలిసినప్పుడే. పత్రికలో వార్త వచ్చినా, ఎవరైనా ఫిర్యాదు పంపినా అది ఆధారం కావచ్చు.

ఐరోపా యూనియన్ 2024లో ఇలాంటి ఉమ్మడి చట్టం తెచ్చింది. భారం ఎక్కువైందని కంపెనీలు మొరపెట్టుకోవడంతో దాన్ని కుదించారు. 2025 డిసెంబరులో కుదిరిన ఒప్పందం ప్రకారం 5,000 మంది ఉద్యోగులు, 150 కోట్ల యూరోల వ్యాపారం దాటిన కంపెనీలకే, అదీ 2029 నుంచి వర్తిస్తుంది. జర్మనీ కూడా తన చట్టాన్ని సడలించే పనిలో పడింది. అయితే వెట్టితో తయారైన సరుకును ఐరోపా మార్కెట్‌లో అమ్మనీయరాదన్న మరో నిబంధన 2027 డిసెంబరు 14 నుంచి అమలు కావలసి ఉంది. దానికి కంపెనీ పెద్దదా, చిన్నదా అన్న తేడా లేదు.

ఉజ్బెకిస్తాన్ ఏం చేసింది?

ఇలాంటి ఒత్తిడి వల్ల నిజంగా మేలు జరుగుతుందా అని అడగవచ్చు. ఉజ్బెకిస్తాన్‌ను చూడండి. అక్కడ ప్రభుత్వమే పత్తికి కోటా పెట్టి, తీత కాలంలో టీచర్లను, నర్సులను, విద్యార్థులను బస్సుల్లో చేలకు తరలించేది. ఆ పత్తి వాడబోమని ప్రపంచంలోని 300కు పైగా బ్రాండ్లు ప్రతిజ్ఞ చేశాయి. 2016లో కొత్త అధ్యక్షుడు వచ్చాక మార్పు మొదలైంది. పత్తి తీసే కూలి పెంచారు. 2020లో కోటా పద్ధతి రద్దు చేశారు. 2021 తీతలో ప్రభుత్వ బలవంతం పెద్ద ఎత్తున కనబడలేదని పరిశీలకులు తేల్చాక, 2022 మార్చిలో బహిష్కరణ ఎత్తేశారు. కూలి పెంచితే మనుషులు తమంతట తామే వచ్చారన్నది అక్కడ తేలిన సంగతి.

మన సీడు పత్తి సంగతి

ఈ విషయంలో మన ప్రాంతానికీ ఒక చరిత్ర ఉంది. కర్నూలు, నంద్యాల, గద్వాల ప్రాంతాల్లో సీడు పత్తి చేసిన వారికి తెలుసు. సాయంత్రం మొగ్గ గిల్లి పుప్పొడి భాగం తీసేయాలి. మర్నాడు ఉదయం మగపువ్వు తెచ్చి రుద్దాలి. ఈ క్రాసింగ్ పని నెలల తరబడి, ఒక్కొక్క పువ్వుకూ చేతితోనే చేయాలి. సాగు ఖర్చులో సగం దాకా కూలికే పోతుంది.

1990లలో, 2000 తర్వాత కూడా ఈ పనికి ఎక్కువగా బడి ఈడు ఆడపిల్లలను పెట్టారు. తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇచ్చి, పిల్లను సీజనంతా కట్టేసుకునేవారు. పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు అధ్యయనాలు ఈ సంగతిని దేశ విదేశాల్లో బయటపెట్టాయి. బహుళజాతి విత్తన కంపెనీల పేర్లు రావడంతో ఐరోపాలో ఆందోళన రేగింది. ఆ తర్వాత కొన్ని కంపెనీలు తనిఖీలు మొదలుపెట్టాయి. పిల్లలను పెట్టని రైతుకు సేకరణ ధరపై 5 శాతం బోనసు ఇస్తామన్నాయి. చేలల్లో పిల్లల సంఖ్య తగ్గింది గానీ సమస్య పూర్తిగా పోలేదు. అమెరికా కార్మిక శాఖ 2024లో వెలువరించిన జాబితాలోనూ మన హైబ్రిడ్ పత్తి విత్తనం పేరు ఉంది. ఆ జాబితాలో ఉన్నంత మాత్రాన నిషేధం కాదు. కొనేవాడికి అది ఎర్రజెండా.

ధర మాటేమిటి?

ఇక్కడే రైతు గొంతు విప్పాలి. సీడు పత్తికి ధర నిర్ణయించేది కంపెనీ. చెప్పేది ఆర్గనైజరు. పెద్దవాళ్లకు న్యాయమైన కూలి ఇస్తే ఆ ధర గిట్టుబాటు కాదని 2005లో వెంకటేశ్వర్లు, లూసియా డా కోర్టా కలిసి చేసిన అధ్యయనం చూపింది. తక్కువ ధర ఇచ్చి, పిల్లలను పెట్టవద్దని కాగితం మీద రాయించుకుంటే భారమంతా రైతు నెత్తినే పడుతుంది.

ఈ పాయింటు చట్టాల్లోనూ ఉంది. కంపెనీ తన కొనుగోలు పద్ధతులను కూడా సరిచూసుకోవాలని జర్మనీ చట్టం చెబుతోంది. తన బాధ్యతను కాగితం రాయించుకుని చిన్న సరఫరాదారుల మీదికి నెట్టేయరాదని ఆ చట్టాన్ని అమలుచేసే కార్యాలయం 2023లో మార్గదర్శకాలు ఇచ్చింది. రైతులు విడివిడిగా ఇది అడగలేరు. సంఘంగా, ఎఫ్‌పీవోగా కూర్చుని అడిగితే వినక తప్పదు.

రైతులు తీసుకోవలసిన జాగ్రత్తలు

1. కూలీల పేరు, ఊరు, వయసు, పని దినాలు, ఇచ్చిన కూలి ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. సంతకమో వేలిముద్రో తీసుకోండి. రేపు ఎవరడిగినా ఇదే మీకు సాక్ష్యం.

2. 14 ఏళ్లలోపు పిల్లలను కూలికి పెట్టరాదు. 2016 సవరణ తర్వాత ఈ నిషేధం అన్ని పనులకూ వర్తిస్తుంది. ఉల్లంఘిస్తే 6 నెలల నుంచి 2 ఏళ్ల దాకా జైలు, 20 వేల నుంచి 50 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సొంత పిల్లలు బడి వేళలు పోను, సెలవుల్లో ఇంటివాళ్లకు సాయపడవచ్చు. బడి మానిపించరాదు.

3. అడ్వాన్సు ఇవ్వడం తప్పు కాదు. దాన్ని అడ్డం పెట్టుకుని మనిషిని కదలనీయకపోవడం నేరం. 1976 వెట్టి నిర్మూలన చట్టం ప్రకారం అలాంటి బాకీ చెల్లదు. కోర్టులో అది వెట్టి బాకీ కాదని రుజువు చేసుకోవలసింది అప్పు ఇచ్చినవాడే. శిక్ష 3 ఏళ్ల దాకా ఉంటుంది.

4. గుంపు మేస్త్రీ ద్వారా కూలీలను రప్పిస్తే, మేస్త్రీకి ఇచ్చిన డబ్బు కూలీకి చేరిందో లేదో మీరే అడిగి తెలుసుకోండి. వీలైతే కూలీ ఖాతాలోకే వేయండి. మేస్త్రీ చేసిన తప్పు మీ చేను పేరు మీదే నమోదవుతుంది.

5. ఆర్గనైజరు గానీ, మిల్లు గానీ తెచ్చిన హామీ పత్రంపై చదవకుండా సంతకం పెట్టవద్దు. ఖాళీ కాగితంపై అసలే వద్దు. చదవడం రాకపోతే చదివించుకోండి. మీ ప్రతి ఒకటి తీసి పెట్టుకోండి. బోనసు, ధర మాటలు నోటితో కాక అందులోనే రాయించండి.

ఎవరికి చెప్పాలి?

మీ ఊళ్లో ఎవరైనా వెట్టిలో ఉన్నారని తెలిస్తే తహసీల్దారుకు, ఆర్డీవోకు, కలెక్టరుకు చెప్పవచ్చు. జిల్లాలో, డివిజన్‌లో నిఘా కమిటీలు ఉండాలని 1976 చట్టమే చెప్పింది. విడుదలైన వారికి కేంద్ర పథకం కింద పునరావాస సాయం అందుతుంది. మగవారికి లక్ష, ఆడవారికి, పిల్లలకు 2 లక్షలు, మరీ ఘోరమైన కేసుల్లో 3 లక్షల రూపాయలు. పిల్లల విషయమైతే 1098కి, ఉచిత న్యాయ సహాయానికి 15100కి ఫోను చేయవచ్చు.

విదేశీ చట్టాలు ఒక ఏడాది బిగుస్తాయి, మరో ఏడాది సడలుతాయి. వాటిని నమ్ముకుని సేద్యం చేయలేం. కానీ మన 1976 చట్టం సడలలేదు, 1982 తీర్పూ మారలేదు. కూలీకి ఇచ్చే ప్రతి రూపాయికీ లెక్క రాసిపెట్టుకున్న రైతు, మిల్లువాడిని, కంపెనీని కూడా ధర లెక్క చెప్పమని తలెత్తి అడగవచ్చు. ఈ సీజను మొదటి కూలి ఇచ్చే రోజే ఆ నోటు పుస్తకం తెరవండి.