స్వల్పవ్యయమున రైలుయాత్ర: లండనులో మన అమరావతి శిలలు

పరదేశమునకు బోయి చదువుకొను మన విద్యార్థులకు ధనవిషయమున భయము మెండు. పొలము తాకట్టు పెట్టియో, బ్యాంకులో అప్పు చేసియో తల్లిదండ్రులు పంపిన సొమ్మును విహారములకు వెచ్చింపరాదని వారు సెలవుదినములందును గది విడువరు. ఈ భయము మంచిదే. కాని కదలకుండుటయే పొదుపని తలచుట పొరపాటు. వెచ్చించిన ప్రతి కాసునకును తగిన ఫలము రాబట్టుకొనుటయే పొదుపు. ఇంగ్లండులోని బర్మింగుహాము నగరమున చదువుకొను దినములలో మేము చేసిన యొక వారాంతపు రైలుయాత్రను దృష్టాంతముగా గైకొని యీ సంగతిని వివరింతుము.

ప్రయాణమునకు పూర్వము ఉద్దేశమును నిర్ణయించుకొనవలెను. ఉన్నవన్నియు చూడబోయినవానికి సొమ్మును నిలువదు, చూచినదియు నిలువదు. మేము లండనులోని బ్రిటిషు మ్యూజియమున నున్న అమరావతి శిలలను చూడవలెనని నిశ్చయించుకొంటిమి.

ఆ శిలలు అచట కెట్లు చేరెనో చెప్పవలసియున్నది. కృష్ణకు దక్షిణపుటొడ్డున, గుంటూరునకు సుమారు 20 మైళ్ల దూరమున నున్న అమరావతి 2022 నుండి పల్నాడు జిల్లాలో చేరియున్నది. క్రీస్తునకు పూర్వమే యారంభమై కొన్ని శతాబ్దములు పెంపొందిన మహాస్తూప మచట నుండెడిది. పల్నాటి సున్నపురాతి ఫలకములతో దాని నలంకరించిరి. 18వ శతాబ్దాంతమున వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు అమరావతిని రాజధానిగా కట్టించుచుండగా ఆ దిబ్బనుండి శిలలు బయటపడెను. వానిలో కొన్ని క్రొత్త కట్టడములలో కలిసిపోయెను. 1816లో కాలిన్ మెకంజీ దొర స్తూపమును కొలిపించి, శిల్పములకు చిత్రములు వ్రాయించెను. 1845లో వాల్టరు ఎలియట్ దొర త్రవ్వించిన శిలలు మద్రాసు చేరెను. వానిలో నూటికి పైబడినవి 1859లో ఓడలమీద లండనునకు పంపబడెను. అచట పలకరించువారు లేక కొన్నియేండ్లు పడియుండగా, 1867లో ఫెర్గుసన్ అను పండితుడు వానిని గుర్తించి లోకమునకు చాటెను. తుదకు 1880లో అవి బ్రిటిషు మ్యూజియమునకు చేరెను. మద్రాసున నిలిచినవి నేటికిని చెన్నై ప్రభుత్వ మ్యూజియములో నున్నవి.

ఇక ఖర్చు సంగతి. మన ప్యాసింజరు బండిలో టికెట్టు నెప్పుడు కొన్నను ధర యొక్కటే. ఇంగ్లండులో నట్లు గాదు. కొనిన దినము, ఎక్కు వేళ, బండి నడపు కంపెనీ, వీనినిబట్టి ఛార్జీ మారును. కొన్ని వారములు ముందుగా కొన్నచో చౌక టికెట్లు దొరకును గాని, వానిపై వ్రాసిన బండి తప్పినచో అవి చెల్లవు. 16 మొదలు 25 ఏండ్లవరకు గలవారికి నొక రైలుకార్డు కలదు. అంతకు పైబడిన వయసుగలవారును పూర్తికాలపు విద్యార్థులైనచో దానిని పొందవచ్చును. ఆ కార్డువలన సాధారణముగా మూడవవంతు ఛార్జీ తగ్గును. బర్మింగుహామునుండి లండనుకు వేగపు బండి సుమారు గంటన్నరలో పోవును. అదే దారిని పలుచోట్ల నిలుచుచు పోవు బండికి రెండుగంటలు దాటును. దాని ఛార్జీ తరచుగా చాల తక్కువ. మేము దానినే యెక్కితిమి. విద్యార్థికి గంట కంటె కాసు కరవు గదా!

మరియొక లెక్క కలదు. అచట చదువుకాలములో పట్టవిద్యార్థి వారమునకు 20 గంటలకు మించి కూలిపని చేయరాదు. శనివారపు పని మానినచో ఆ కూలియు ప్రయాణపు ఖర్చులోనే చేరును. కావున పని లేని దినమును ముందుగా చూచుకొనవలెను. ఆదివారములందు తరచుగా పట్టాలు బాగుచేయుచు రైలునకు బదులు బస్సులు నడపుదురు, దానినిగూడ విచారించుకొనవలెను. శనివారము ప్రొద్దున పోయి రాత్రికి మరలివచ్చినచో బసఖర్చు తప్పును. పులిహోర పొట్లము, మంచినీళ్ల సీసా వెంటనున్నచో హోటలు తప్పును. యూస్టను స్టేషనునుండి మ్యూజియము నడువదగిన దూరమే. మ్యూజియమున ప్రవేశమునకు రుసుము లేదు. అమరావతి శిలలున్న గది సంఖ్య 33ఎ. ఆనాడు తెరచియుండునో లేదో ముందే కనుగొనుట మేలు.

ఆ గదిలో నొక ఫలక మున్నది. దానికి రెండువైపులను శిల్పము కలదు. పాతవైపున బోధివృక్షము, దాని క్రింద ఖాళీ ఆసనము, మ్రొక్కుచున్న భక్తులు. బుద్ధుని రూపము లేదు. శతాబ్దముల పిమ్మట శిల్పులు క్రొత్త రాతిని తేక, దానినే త్రిప్పి, రెండవవైపున స్తూపమునంతయు చెక్కిరి. నేడు కూలిపోయిన మహాస్తూప మెట్లుండెడిదో మనకు తెలుపుచున్నది ఇట్టి ఫలకములే. మన పూర్వులును పొదుపెరిగినవారే!

స్తూపమును కట్టినది రాజుల ధనము మాత్రమే యని యెంచరాదు. అమరావతి శాసనములలో విధికుడను చర్మకారుడు తల్లితోను, భార్యతోను, సోదరులతోను, బిడ్డలతోను గూడి పూర్ణఘటపు ఫలక మొకటి యిచ్చినట్లున్నది. ఇంటిల్లిపాదియు గూడబెట్టి యిచ్చిన రాయి అది. ఇంటిల్లిపాదియు గూడబెట్టి పంపగా పరదేశమునకు బోయిన విద్యార్థి కీ మాట వేరుగ వివరింప నక్కరలేదు. అట్టి సొమ్ము ఏమి కొనెనో యింటికి జాబు వ్రాయగలిగినచో, ఆ యాత్ర వ్యర్థము గాదు.

ఈ పాఠశాల బాలబాలికలకు లండను దూరము, అమరావతి దగ్గర. గుంటూరు వరకు రైలు, అటనుండి బస్సు. స్తూపపు పునాది, దాని చెంత పురావస్తుశాఖవారి మ్యూజియము అచట నున్నవి. దాపున పుట్టియు వానిని చూడనివారు మనలో పలువురు. రాబోవు సెలవులలో లెక్క వ్రాసికొని, పొట్లము కట్టుకొని, అచటికి పోయిరండు. పిమ్మట ఏ దేశమునకు బోయినను, మీ యూరి రాయిని మీరు గుర్తుపట్టగలరు.