పాత రేంజ్‌ఫైండర్ లెన్స్, నాన్న మెడలో దండ

మొన్న మే నెలలో నాన్న రిటైర్ అయ్యారు. 30 ఏళ్ళకి పైగా ఆర్టీసీ డిపోలో మెకానిక్. డిపో షెడ్డులోనే చిన్న ఫంక్షన్ పెట్టారు. "ఫోటోగ్రాఫర్ ఎందుకు, నేనున్నాగా" అన్నాను. చేతిలో సెకండ్ హ్యాండ్ సోనీ ఏ6000, దాని ముందు మా అక్క కంటే వయసులో పెద్దదైన ఒక రష్యన్ లెన్స్. ఆ సాయంత్రం 140 ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో చూస్తే దాదాపు అన్నిట్లోనూ బంతిపూల దండ రేకు రేకూ కనిపిస్తోంది. నాన్న ముఖం మాత్రం మసక.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ ఓపిగ్గా చూశారు. చివరికి "దండ బాగా వచ్చిందిరా" అన్నారు. అంతే. ఇంకేమీ అనలేదు.

ఆ ఫంక్షన్ మళ్ళీ జరగదు. అందుకే ఈ వ్యాసం. మన క్లబ్‌లో ఇద్దరు ముగ్గురు ఇలాంటి లెన్స్ కొనాలని చూస్తున్నారు. కొనొద్దని చెప్పను, నాకూ ఆ లెన్స్ అంటే ఇష్టమే. కానీ నా ఫోటోలు ఎందుకు పోయాయో తెలుసుకుని కొనండి.

రేంజ్‌ఫైండర్ అంటే ఏంటి?

రేంజ్‌ఫైండర్ కెమెరా ముందు వైపు, కొంచెం ఎడంగా రెండు చిన్న కిటికీలుంటాయి. ఒకే మనిషి ఆ రెండిటి నుంచీ కొద్దిగా వేరే కోణాల్లో కనిపిస్తాడు. మన రెండు కళ్ళూ దూరాన్ని అంచనా వేసే పద్ధతి కూడా ఇదే. వ్యూఫైండర్ మధ్యలో ఆ రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. మనం లెన్స్ రింగ్ తిప్పుతుంటే, లెన్స్ వెనక భాగం కెమెరాలో ఉన్న చిన్న మీటని నెడుతుంది, దాంతో రెండో బొమ్మ పక్కకి జరుగుతుంది. రెండు బొమ్మలూ కలిసిపోతే ఫోకస్ కుదిరినట్టు. టెన్త్‌లో మనం చదివిన త్రికోణమితి అంతా ఆ మీటలోనే ఉంది. బ్యాటరీ అక్కర్లేదు.

ఈ రకం కెమెరాల్లో పెద్ద పేరు లైకా. మొదట్లో వీటి లెన్సులు 39 మిల్లీమీటర్ల మరతో బిగించేవి, అందుకే దాన్ని ఎం39 మౌంట్ అంటారు. 1954లో వచ్చిన లైకా ఎం3తో బయొనెట్ మౌంట్ మొదలైంది. లైకా లెన్సులు మనలాంటి వాళ్ళకి అందవు. అందేవి సోవియట్ లెన్సులు. పాత లైకాని చూసి వాళ్ళు ఫెడ్, జోర్కీ అనే కెమెరాలు తయారుచేశారు, లెన్సులకి కూడా అదే 39 మిల్లీమీటర్ల మర పెట్టారు.

నా దగ్గరున్నది జూపిటర్-8. 50 మిల్లీమీటర్లు, ఎఫ్/2. దీని డిజైన్ అసలు జర్మనీది. 1930లలో జైస్ కంపెనీలో లుడ్విగ్ బెర్టెలె తయారుచేసిన సోనార్ లెన్స్ దీనికి మూలం. యుద్ధం తర్వాత అది సోవియట్ యూనియన్‌కి వెళ్ళింది. రెండు పండగలకి చుట్టాలిచ్చిన డబ్బులు, కొంచెం స్కాలర్‌షిప్ కలిపి కొన్నాను.

డీఎస్ఎల్‌ఆర్‌కి పట్టదు, మిర్రర్‌లెస్‌కి ఎందుకు పడుతుంది?

లెన్స్ మౌంట్ నుంచి ఫిల్మ్ లేదా సెన్సర్ దాకా ఉండే దూరాన్ని ఫ్లాంజ్ దూరం అంటారు. ప్రతి లెన్సూ ఒక నిర్దిష్ట దూరంలో కూర్చుంటేనే అనంతం దగ్గర, అంటే దూరంగా ఉన్న కొండల మీద కూడా, ఫోకస్ వస్తుంది. ఎం39 లెన్స్‌కి ఆ దూరం 28.8 మిల్లీమీటర్లు. కానన్ డీఎస్ఎల్‌ఆర్‌లో మౌంటే సెన్సర్‌కి 44 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, ఎందుకంటే మధ్యలో అద్దం ఆడాలి. అంటే మన లెన్స్ ఇంకో 15 మిల్లీమీటర్లు కెమెరా లోపలికి దూరాలి. కుదరదు.

మిర్రర్‌లెస్‌లో అద్దమే లేదు. సోనీ ఈ-మౌంట్‌లో ఈ దూరం 18 మిల్లీమీటర్లే. 28.8 లోంచి 18 తీసేస్తే 10.8. అంత మందం ఉన్న ఇనప రింగ్ ఒకటి మధ్యలో బిగిస్తే చాలు. దాని పేరే అడాప్టర్. అందులో గాజు లేదు, సర్క్యూట్ లేదు, ఖాళీ గొట్టం. తక్కువ ఉన్న దూరాన్ని పెంచొచ్చు కానీ ఎక్కువ ఉన్నదాన్ని తగ్గించలేం. కథ మొత్తం ఇంతే.

బిగించాక కెమెరా పనిచేయకపోతే భయపడకండి. అసలు లెన్సే లేదనుకుంటుంది పాపం. మెనూలో "లెన్స్ లేకుండా షటర్" అనే అర్థం వచ్చే ఆప్షన్ ఆన్ చేయాలి. ఎపర్చర్ ప్రయారిటీ మోడ్‌లో పెడితే షటర్ స్పీడ్ కెమెరానే చూసుకుంటుంది. ఎపర్చర్ మాత్రం లెన్స్ మీద చేత్తో తిప్పుకోవాలి, ఆ విలువ ఫోటో ఫైల్‌లో కూడా నమోదు కాదు. ఏ6000 బాడీలో స్టెబిలైజేషన్ లేదు కాబట్టి షటర్ స్పీడ్ 1/125 కంటే తగ్గనివ్వకండి. సెన్సర్ చిన్నది కనుక 50 మిల్లీమీటర్ల లెన్స్ ఇక్కడ 75లా కనిపిస్తుంది. ముఖాలు తీయడానికి అది బానే ఉంటుంది.

నేను ఎక్కడ తప్పు చేశాను?

అడాప్టర్‌తో లెన్స్ అయితే వచ్చింది కానీ ఆ రెండు కిటికీలు, ఆ మీట రాలేదు. దూరం కొలిచే భాగం పాత కెమెరాలోనే ఉండిపోయింది. దాని బదులు మనకున్నది ఫోకస్ పీకింగ్. ఫోకస్‌లో ఉన్న అంచుల మీద ఎర్ర రంగో పసుపు రంగో మెరుస్తుంది. అది చూసి నేను మురిసిపోయాను. నాన్న మీద బోలెడంత ఎరుపు మెరిసింది, నొక్కేశాను.

సీఎస్‌ఈ వాళ్ళకి ఇది సులువుగా అర్థమవుతుంది. పీకింగ్ అంటే ఎడ్జ్ డిటెక్షనే. ఇమేజ్ ప్రాసెసింగ్‌లో సోబెల్ ఫిల్టర్ రాసినప్పుడు ఏం చేస్తాం? పక్కపక్క పిక్సెల్స్ మధ్య తేడా లెక్కేసి, ఒక హద్దు దాటితే అంచు అంటాం. పీకింగ్ కూడా అలాంటి పనే చేసి అక్కడ రంగు పూస్తుంది. బంతిపూల దండలో పసుపు, నారింజ, మధ్యలో జరీ దారం, రేకుల సందుల్లో నీడలు. నిండా అంచులే. నాన్న ముఖం మీద ఏముంది? ట్యూబ్‌లైట్ వెలుగులో నున్నటి చర్మం, కొంచెం నెరిసిన మీసం. దండ కొంచెం ఫోకస్ తప్పినా హద్దు దాటేస్తుంది, ముఖం సరిగ్గా ఫోకస్‌లో ఉన్నా దాటకపోవచ్చు. రేంజ్‌ఫైండర్‌కి దూరం తెలుసు. పీకింగ్‌కి తేడా మాత్రమే తెలుసు.

ఇంకో సంగతి. ఏ6000 వ్యూఫైండర్‌లో 14 లక్షల 40 వేల చుక్కలున్నాయి. వినడానికి ఎక్కువే, కానీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా లెక్కేస్తారు. మూడుతో భాగిస్తే అది 800 బై 600 తెర. ఫోటో మాత్రం 6000 బై 4000. అంటే వెడల్పులో ఏడు రెట్లకి పైగా తేడా. అసలు ఫోటోలో ఏడు పిక్సెల్స్ మేర అలుక్కుపోయిన అంచు కూడా వ్యూఫైండర్‌లో ఒక్క పిక్సెల్‌లో ఇమిడిపోయి పదునుగా కనిపిస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఎఫ్/2లో, మనిషి ఒకటిన్నర మీటర్ల దూరంలో ఉంటే, ఫోకస్‌లో ఉండే మందం మొత్తం 7 సెంటీమీటర్లు. ఛాతీ మీద లావుపాటి దండ, దాని వెనక కళ్ళు. రెండిటికీ మధ్య 10 సెంటీమీటర్లు ఈజీగా ఉంటుంది. రెండూ ఒకేసారి రావు. ఏదో ఒకటి ఎంచుకోవాలి. నేను ఎంచుకోలేదు, పీకింగ్ ఎంచుకుంది.

ఇప్పుడు ఏం చేస్తున్నాను?

ఒకటి, ఫోకస్ మాగ్నిఫయర్‌ని ఒక బటన్‌కి పెట్టుకున్నాను. సొంత లెన్స్ అయితే రింగ్ తిప్పగానే బొమ్మ పెద్దదవుతుంది, ఈ లెన్స్ తిరుగుతోందని కెమెరాకి తెలీదు కాబట్టి మనమే నొక్కాలి. ఏ6000లో ఇది 5.9 రెట్లు, 11.7 రెట్లు పెంచుతుంది. కంటి రెప్ప మీద పెట్టి చూస్తాను. రెప్ప వెంట్రుకలు కనిపిస్తేనే షటర్.

రెండు, పీకింగ్ స్థాయిని "లో"కి మార్చాను. హద్దు పెరుగుతుంది, అబద్ధాలు తగ్గుతాయి. దాన్ని దారి చూపడానికే వాడతాను, తీర్పు మాగ్నిఫయర్‌దే.

మూడు, ఏ ఎపర్చర్‌లో తీయాలో అక్కడ పెట్టాకే ఫోకస్ చేస్తాను. సోనార్ రకం లెన్సుల్లో ఎపర్చర్ మూసే కొద్దీ ఫోకస్ కొంచెం జరుగుతుంది. ఎఫ్/2లో ఫోకస్ చేసి ఎఫ్/4కి తిప్పితే అది మోసం చేస్తుంది.

నాలుగు, జనం కదులుతుంటే అసలు ఫోకస్ చేయను. ఎఫ్/8లో పెట్టి, లెన్స్ మీద 3 మీటర్ల గుర్తు దగ్గర ఆపేస్తాను. సుమారు 2.5 నుంచి 3.7 మీటర్ల దాకా అన్నీ బాగానే వస్తాయి. తర్వాత నా పని ఆ దూరంలో నిలబడడమే. లెన్స్ మీద చెక్కిన దూరాల స్కేల్ పెద్ద ఫిల్మ్ కోసం లెక్కేసింది, మన చిన్న సెన్సర్‌కి ఒక స్టాప్ తక్కువగా చదువుకోండి. ఎఫ్/8లో ఉంటే 5.6 గీతలు చూడాలి. ఆ రోజు షెడ్డులో ఇంకో రెండు లైట్లు వేయించి ఇలా తీసి ఉంటే సరిపోయేది.

కొనే ముందు

39 మిల్లీమీటర్ల మర ఉందని ప్రతిదీ కొనకండి. పాత జెనిట్ ఎస్ఎల్‌ఆర్ లెన్సులకీ అదే మర, కానీ వాటి ఫ్లాంజ్ దూరం సుమారు 45 మిల్లీమీటర్లు. ఫోటోలు ప్రింట్ చేసే ఎన్‌లార్జర్ లెన్సులకీ అదే మర, వాటికి ఫోకస్ రింగే ఉండదు. లోపలికి ముడుచుకునే లెన్స్ అయితే కెమెరా మీద ఉండగా ముడవకండి, వెనక భాగం సెన్సర్ దాకా వెళ్ళొచ్చు. 35 కంటే వెడల్పు లెన్సుల్లో వెనక గాజు సెన్సర్‌కి మరీ దగ్గరగా ఉంటుంది. వెలుగు ఏటవాలుగా పడి ఫోటో అంచులు మసకబారతాయి, రంగు మారుతుంది. మొదటిది 50 కొనుక్కోవడమే మేలు. ఒక మీటర్ కంటే దగ్గరికి చాలావాటిలో ఫోకస్ రాదు, అది లెన్స్ పాడైనట్టు కాదు. టార్చ్ వేసి గాజు లోపల సాలెగూడులాంటి బూజు ఉందేమో చూడండి.

రింగ్ గట్టిగా తిరిగితే మాత్రం కంగారు పడొద్దు. నాది అలాగే ఉండేది. నాన్న చేతిలోకి తీసుకుని రెండుసార్లు తిప్పి, "గ్రీజు ఎండిపోయిందిరా, లోపల మర బానే ఉంది" అన్నారు. గాజు సంగతి ఆయనకి తెలీదు, మర సంగతి తెలుసు. పాత గ్రీజు తుడిచి కొత్తది పట్టించే పని మేమిద్దరం ఒక ఆదివారం చేశాం.

ఇప్పుడు మా ఇంట్లో గోడ మీద ఉన్న రిటైర్మెంట్ ఫోటో నాది కాదు. నాన్న స్నేహితుడొకాయన ఫోన్‌లో తీసింది. ఫోన్ సెన్సర్ చిన్నది, లెన్స్ పొట్టిది, అందుకే దండా ముఖమూ రెండూ వచ్చాయి. అక్క దానికే ఫ్రేమ్ కట్టించింది. నాకు కోపం రాలేదు అంటే అబద్ధం.

డ్యూటీ లేకపోయినా నాన్న ఇంకా పొద్దున్నే 5 గంటలకి లేస్తారు. టీ గ్లాసు పట్టుకుని గుమ్మం మెట్ల మీద కూర్చుంటారు. మొన్నొక రోజు ఎదురుగా కూర్చుని, మాగ్నిఫయర్ ఆయన కంటి మీద పెట్టి, రింగ్ మెల్లగా తిప్పి 12 ఫోటోలు తీశాను. 9 బాగా వచ్చాయి. కంటి కింద ముడతలు, మీసంలో తెల్ల వెంట్రుకలు, అన్నీ ఉన్నాయి.

నాన్నకి చూపించాను. చాలాసేపు చూశారు.

"ఇందులో దండ లేదేంట్రా?" అన్నారు.